మా మిల్లుకి యాంటీవైరస్ కొనడానికి నాలుగు నెలలు పట్టింది

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో పదకొండేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. నేను చదివింది బీకాం, కానీ చిన్న ఊళ్ళలో లెక్కలు చూసేవాళ్ళకే కంప్యూటర్ల బాధ్యత కూడా వచ్చి పడుతుంది కదా, మా మిల్లులోనూ అంతే. మొత్తం 12 కంప్యూటర్లు. ఆఫీసులో ఐదు, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ డేటా అంతా ఉండే పెద్దది ఒకటి, కాటా గదిలో ఒకటి, గేటు దగ్గర ఒకటి, తేమ చూసే గదిలో ఒకటి, గోడౌన్‌లో ఒకటి, మిల్లు యజమాని మా పెద్దాయనవీ వాళ్ళబ్బాయివీ రెండు ల్యాప్‌టాప్‌లు. వీటన్నిటికీ కలిపి ఒక యాంటీవైరస్ కొనడం గంటలో అయిపోయే పని అనుకున్నాను. మార్చిలో మొదలుపెడితే జులై చివరికి తేలింది. మాలాంటి మిల్లులు, కొట్లు, మేత డీలర్‌షిప్‌లు నడిపేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అసలు మొదలైంది మా మిల్లులో కాదు, ఆకివీడు వైపు రొయ్యల మేత వ్యాపారం చేసే మా అన్నయ్య కొట్లో. 2025 మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున ఫోన్. "చెల్లెమ్మా, టాలీ తెరుచుకోవట్లేదు, ఫైళ్ళన్నిటికీ చివర ఏదో పేరు తగిలించి ఉంది, నువ్వోసారి రాగలవా?" గొంతు వింటేనే తెలిసిపోయింది. జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి వెళ్ళేసరికి తొమ్మిదయింది. కొట్లో వదిన కుర్చీలో కూర్చుని ఉంది, ఒక్క మాట లేదు.

ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంది, మీ ఫైళ్ళకి తాళం వేశాం, డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం అని. ర్యాన్సమ్‌వేర్. టాలీ ఫోల్డర్ పోయింది, ఎక్సెల్ షీట్లు పోయాయి, స్కాన్ చేసి పెట్టుకున్న రైతుల ఆధార్ కాపీలు పోయాయి. బ్యాకప్ ఉందా అన్నయ్యా అంటే ఉందన్నాడు, చూపించాడు కూడా. కంప్యూటర్ వెనకాల ఎప్పుడూ గుచ్చే ఉంచిన హార్డ్ డిస్క్. దానికీ తాళం పడింది. గుచ్చి ఉన్న డిస్క్ ఆ కంప్యూటర్‌కి ఇంకో డ్రైవ్ కిందే లెక్క, దాన్ని వదిలిపెట్టడానికి కారణం ఏముంది.

నన్ను నిద్ర పోనివ్వనిది ఇంకొకటి. ఆ కంప్యూటర్‌లో డబ్బులిచ్చి కొన్న యాంటీవైరస్ ఉంది, గడువు కూడా ఉంది! తర్వాత కంప్యూటర్‌లో నమోదైన లాగ్‌లు తీసి చూస్తే రాత్రి రెండు దాటాక ఎవరో బయట నుంచి అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారంతో, లోపలికి వచ్చి, ముందు యాంటీవైరస్‌ని ఆపేసి, ఆ తర్వాత పని మొదలుపెట్టారు. రాత్రిళ్ళు ఇంటి నుంచి టాలీ చూసుకోవడానికి ఎవరో కుర్రాడు రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, అంటే దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే దారి, నంబరు 3389, బయటికి తెరిచిపెట్టి వెళ్ళాడు. పాస్‌వర్డ్ కొట్టు పేరు, పక్కన 123. తలుపు బార్లా తీసి, గుమ్మంలో కుక్కని కట్టేసినట్టు. వచ్చినవాడు కుక్కని విప్పి పంపేశాడు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. నో మోర్ ర్యాన్సమ్ అని 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కాస్పర్‌స్కీ, అప్పటి ఇంటెల్ సెక్యూరిటీ కలిసి పెట్టిన ఉచిత సైటు ఉంది, కొన్ని రకాల ర్యాన్సమ్‌వేర్‌కి తాళంచెవులు అందులో దొరుకుతాయి. తాళం పడిన ఫైలు ఒకటి అందులో వేసి చూస్తే మా రకానికి లేదని వచ్చింది. డబ్బు మాత్రం కట్టలేదు, కట్టొద్దని అన్నయ్యే అన్నాడు.

మేత వ్యాపారం అంతా అరువు మీదే నడుస్తుందని ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక డబ్బు వస్తుంది, అంతవరకూ లెక్కే ఆధారం. ఆ లెక్క పోయింది. వదిన ఆ రోజే ఒక పొడుగు నోటు పుస్తకం తీసి, ఒక్కో రైతుకీ ఫోన్ చేసి, అన్నయ్యగారూ మీ దగ్గరున్న చీటీలు ఓసారి తీసుకొస్తారా అని అడగడం మొదలుపెట్టింది. వచ్చారు. చొక్కా జేబుల్లోంచి, బండి సీటు కింద నుంచి, ప్లాస్టిక్ సంచుల్లోంచి తడిసిన చీటీలు తీసి బల్ల మీద పెట్టారు. ఒక పెద్దాయన తను కట్టాల్సింది మేం అనుకున్నదానికంటే పద్నాలుగు వేలు ఎక్కువ చెప్పి రాయించుకుని వెళ్ళాడు. ఆ కాయితాలే లేకపోతే మా అన్నయ్య ఏమైపోయేవాడో నాకు తెలియదు.

మర్నాడు మిల్లుకి వచ్చి పెద్దాయనకి అంతా చెప్పాను. ఆయన విని, "ఏమ్మా, మన వాటికి ఉందా ఆ మందు?" అన్నారు. ఆయన దృష్టిలో యాంటీవైరస్ అంటే మందే. దోమపోటు పొలమంతా పాకాక కొట్టే మందుకీ, ముందే గట్టు మీద నిలబడి దుబ్బు మొదళ్ళు చూసుకుంటూ కొట్టే మందుకీ తేడా ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఉందండీ అనబోయి ఆగాను. నిజంగా ఉందో లేదో నాకే తెలియదు. ఆ రోజంతా నోటు పుస్తకం పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళాను. మూడింట్లో కొన్నప్పుడు వచ్చిన ట్రయల్, ఎప్పుడో అయిపోయింది. రెండింట్లో ఇంట్లో వాడుకునే ప్యాక్, 2023లోనే గడువు తీరిపోయింది. ఒకదాంట్లో ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు, ఒకదాన్నొకటి అడ్డుకుంటూ, అందుకే దాని మీద పనిచేసే అమ్మాయి ఏడాదిగా నా సిస్టం నత్తలా ఉందండీ అని మొత్తుకుంటోంది. ఐదింట్లో విండోస్‌తో వచ్చిన డిఫెండర్ ఒక్కటే. కాటా గదిలో అసలు ఏమీ లేదు. నా మట్టుకు నాకు ఈ పుస్తకం రాసుకున్న రోజే అసలు పని సగం అయింది. ఏది కొనాలి అని అడిగే ముందు మన దగ్గర ఏముందో రాసుకోండి, విండోస్ ఏది, ర్యామ్ ఎంత, ఎవరు వాడతారు, నెట్ ఉందా లేదా.

తర్వాత ఊళ్ళో కంప్యూటర్లు అమ్మే కుర్రాడు వచ్చాడు. మంచివాడే. బాక్సులు బల్ల మీద పేర్చి, "మూడు కంప్యూటర్ల ప్యాక్‌లు నాలుగు తీసుకోండి మేడమ్, పన్నెండు సరిపోతాయి, ఇప్పుడే వేసేసి వెళ్తాను" అన్నాడు. ధర కూడా బాగా తక్కువ. నేనూ ఒప్పుకునేదాన్నే, కానీ బాక్సు పైన చిన్న అక్షరాల్లో అది ఇంటి వాడకానికి అని రాసి ఉంది. వ్యాపారంలో పెడితే లైసెన్స్ షరతులకి విరుద్ధం, అది ఒకటి. రెండోది, నాకు ముఖ్యమైనది, ఆ ప్యాక్ వేస్తే పన్నెండు కంప్యూటర్లూ పన్నెండు దీవులు. గోడౌన్‌లో దానికి అప్‌డేట్ ఆగిపోయిందని నాకు ఎలా తెలుస్తుంది? అక్కడి కుర్రాడు ఎర్ర గుర్తు వస్తే గుణకారం గుర్తు నొక్కి మూసేస్తాడు, అతని పని అతనిది. వ్యాపారాలకి అమ్మే రకంలో కన్సోల్ అని ఒకటి ఉంటుంది, ఒకే పేజీలో అన్ని కంప్యూటర్లూ కనిపిస్తాయి, దేనికి అప్‌డేట్ అందలేదు, దేంట్లో ఏం పట్టుబడింది, ఎవరు పెన్ డ్రైవ్ పెట్టారు, అన్నీ నా కుర్చీలోంచే చూడొచ్చు. మాకు కావాల్సింది అది. కొన్ని కంపెనీలు కన్సోల్‌ని మన దగ్గరే ఒక కంప్యూటర్‌లో పెట్టుకోమంటాయి, కొన్ని క్లౌడ్‌లో, అంటే నెట్ మీద వాళ్ళ సర్వర్‌లో, ఇస్తాయి. మిల్లులో కరెంటు పోవడం, దుమ్ము, ఊక పొడి మధ్య ఇంకో సర్వర్‌ని సాకే ఓపిక మాకు లేదు కాబట్టి క్లౌడ్ అని అప్పుడే అనుకున్నాను.

పేర్లు చాలా ఉన్నాయి. మన దేశంవే చూసుకుంటే పుణె క్విక్ హీల్ వాళ్ళు వ్యాపారాలకి సెక్‌రైట్ పేరుతో అమ్ముతారు, చెన్నై నుంచి కే7 ఉంది, ముంబై నుంచి ఈస్కాన్ ఉంది. బయటివి ఈసెట్, బిట్‌డిఫెండర్, సోఫోస్, ఇంకా బోలెడు. కాస్పర్‌స్కీ సంగతేంటని పెద్దాయన వాళ్ళబ్బాయి అడిగాడు. అమెరికా ప్రభుత్వం 2024లో తమ దేశంలో దాని అమ్మకాలు నిషేధించింది, మన దేశంలో అలాంటిదేమీ లేదు, అమ్ముతున్నారు, కాకపోతే మా ఎగుమతి బేరగాళ్ళలో ఒకాయన వాళ్ళ కంపెనీ నియమాల్లో అది ఉండకూడదని ముందే చెప్పారు, దాంతో మేం దాని జోలికి పోలేదు.

ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? అమ్మేవాడి మాట వినే బదులు ల్యాబ్‌ల ఫలితాలు చూశాను. జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారేటివ్స్ అని రెండు సంస్థలు ఏళ్ళ తరబడి ఈ పరీక్షలు చేసి ఫలితాలు ఉచితంగా పెడతాయి. ఏవీ-టెస్ట్ వాళ్ళు రక్షణకి 6, వేగానికి 6, వాడకంలో ఇబ్బంది పెట్టకపోవడానికి 6, మొత్తం 18 మార్కులు వేస్తారు. ఇంటి వాడకానివి వేరు, వ్యాపారాలవి వేరు, వ్యాపారాల పట్టికే చూడాలి. చూస్తే ఏముంది, పేరున్నవన్నీ పదిహేడున్నరా పద్దెనిమిదీ. రక్షణలో ఆరుకి ఆరు వచ్చినవి డజను పైనే ఉన్నాయి. డిఫెండర్‌కి కూడా మంచి మార్కులే. ఇక ఆ మార్కులు చూసి నేను ఎంచుకునేది ఏముంది?

మా మిల్లులో దళారి జేబులో పెట్టుకొచ్చిన గుప్పెడు గింజలు చూసి ధాన్యం కొనం. లారీ ఎక్కి, అడుగు బస్తాలో గొట్టం గుచ్చి, వచ్చిన గింజలు చేతిలో నలిపి, పళ్ళ మధ్య కొరికి, మీటర్లో పోసి తేమ 17 లోపు ఉందో లేదో చూస్తాం. ల్యాబ్ మార్కులు పై బస్తా గింజలు. మాకు అడుగు బస్తా ఎక్కడుందో నాకు తెలుసు, అది కాటా గది. అక్కడ పనిచేసేదే మాకు పనికొస్తుంది.

డిఫెండర్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు, నేనూ చాలా ఆలోచించాను. ఒక్క కంప్యూటర్ ఉన్న కొట్టుకి, విండోస్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవుతుంటే, నా ఉద్దేశంలో అది చాలు, అనవసరంగా కొనక్కర్లేదు. పన్నెండింటినీ ఒక్కచోట చూడాలంటే మాత్రం డబ్బు కట్టే డిఫెండర్ ఫర్ బిజినెస్ కావాలి. అది 300 మంది దాకా ఉన్న సంస్థలకి, మనిషికి ఇంత అని లెక్క, ఒక్కో మనిషికి ఐదు పరికరాల దాకా. మా కాటా గదిలో మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు, ఒకటే కంప్యూటర్, ఎవరికీ మైక్రోసాఫ్ట్ ఖాతా లేదు. మాకు యంత్రాల లెక్క కుదురుతుంది, మనుషుల లెక్క కుదరదు.

ఏప్రిల్‌లో దాళ్వా (రబీ వరి) కోతలు మొదలయ్యాయి. ఆ సమయంలో ట్రయల్‌లు పెట్టుకోవద్దని అందరూ అన్నారు. రద్దీలో నిలబడనిది మామూలు రోజుల్లో నిలబడితే ఏం లాభం అని నేనే పట్టుబట్టాను, దానికి తగ్గ ఇబ్బంది కూడా పడ్డాం.

కాటా గది కంప్యూటర్ గురించి చెప్పాలి. విండోస్ 7, రెండు జీబీ ర్యామ్. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. కాటా నుంచి బరువు సీరియల్ కేబుల్ మీద వస్తుంది, ఆ పాత కాటా ప్రోగ్రాం కొత్త విండోస్ మీద నడవదని అమర్చినవాళ్ళు ఏనాడో చెప్పి వెళ్ళారు, మేం నమ్మాం. పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, కీబోర్డు మీద పసుపు రంగు తవుడు పొర, ఎంత తుడిచినా మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. కాటా చూసే బాబాయ్ ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, రాళ్ళ కాటా రోజుల నుంచి.

మొదటి కంపెనీది విండోస్ 7 అనగానే వేసుకోనని చెప్పేసింది. రెండోది వేసుకుంది. ఆ రాత్రి తొమ్మిదింటికి ట్రాక్టర్ల వరస గేటు దాటి రోడ్డెక్కింది. నేను కాటా గదిలో స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. మామూలుగా బాబాయ్ సేవ్ నొక్కాక నాలుగు సెకన్లకి ప్రింటర్ కదులుతుంది. ఆ రాత్రి 31 సెకన్లు, 34, ఒకసారి 38. హార్డ్ డిస్క్ గరగరలాడుతోంది, తెర మీద గుండ్రం తిరుగుతోంది, బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. అర నిమిషమే కదా అనిపిస్తుంది. కానీ బండికి రెండు కాటాలు, నిండు కాటా ఒకటి, ఖాళీ కాటా ఒకటి. రాత్రికి 60 బండ్లు. అర నిమిషం చొప్పున గంట. పొద్దుటి నుంచీ పొలంలో ఉండి, ట్రాక్టర్ మీదే కూర్చుని కునుకుతున్న రైతుని మేం ఇంకో గంట ఆపినట్టు. మర్నాడే తీసేశాను.

మూడోది తేలికగానే ఉంది, చీటీ ఐదు సెకన్లలో వచ్చింది, సంతోషించాను. రెండో రోజు మధ్యాహ్నం ఇంటర్‌కమ్ మోగింది. "అమ్మాయ్, కాటా బొమ్మ మాయమైపోయిందమ్మా." వెళ్ళి చూస్తే డెస్క్‌టాప్ మీద ఐకాన్ ఉండాల్సిన చోట తెల్ల కాయితం బొమ్మ. కాటా ప్రోగ్రాం ఎప్పటిదో, ఎవరు తయారుచేశారో చూపే డిజిటల్ సంతకం లేదు, తన ఫోల్డర్‌లో తనే రాసుకుంటూ ఉంటుంది, యాంటీవైరస్‌కి అది దొంగలా కనిపించింది, తీసుకెళ్ళి క్వారంటైన్‌లో, అంటే నడవకుండా విడిగా, పెట్టేసింది. గంటన్నర పాటు బాబాయ్ చేత్తో చీటీలు రాశాడు, కాటా మీద అంకె చూసి, కార్బన్ పేపర్ పెట్టి, ముత్యాల్లాంటి అంకెలు. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే అటు వైపు కుర్రాడు, సీ డ్రైవ్ మొత్తం స్కాన్ నుంచి మినహాయించేయండి, సమస్య ఉండదు అన్నాడు. అలా చేస్తే ఇక యాంటీవైరస్ ఎందుకండీ అని అడిగాను. ఇంకొకరికి ఫోన్ ఇప్పించుకుని, ఆ ఒక్క ఫైలునే మినహాయించాం. ఇలాంటి మినహాయింపులు ఎవరైనా పెడితే ఫోల్డర్ పేరు, తేదీ, కారణం ఒక పుస్తకంలో రాయించండి, రెండేళ్ళ తర్వాత అది ఎందుకుందో ఎవరికీ గుర్తుండదు.

ఆ గంటన్నరలో నాకు ఒకటి అర్థమైంది. మూడు కంపెనీలనీ తప్పుపట్టి లాభం లేదు. మద్దతు ఆగిపోయిన విండోస్‌ని పట్టుకుని దాని మీద యాంటీవైరస్ వెతకడం, కుళ్ళిన దూలానికి రంగు వేయడం లాంటిది. 2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి, అప్పట్లో పేపర్లలో చదివాను. అది దూరిన విండోస్ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందు, ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు.

కోతలు అయ్యేదాకా కాటా కంప్యూటర్‌కి నెట్‌వర్క్ వైరు పీకేశాను. చీటీల కాపీలు సాయంత్రం ఆఫీసుకి తెచ్చి మళ్ళీ టైప్ చేయించాం, నెలన్నర పాటు రోజూ రెండు గంటల అదనపు పని, టైప్ చేసిన అమ్మాయి ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. జూన్‌లో తీరిక దొరికాక కాటా తయారుచేసిన కంపెనీకే నేరుగా ఫోన్ చేస్తే కొత్త విండోస్‌కి పనికొచ్చే వెర్షన్ ఉందనీ, కొంత ఛార్జీ అవుతుందనీ చెప్పారు. అంటే ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే. కొత్త కంప్యూటర్, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11, సీరియల్ పోర్ట్ కోసం ఒక కార్డు. బాబాయ్ మొదటి చీటీ తీసి, "నొక్కేలోపే వచ్చేసిందమ్మా" అని నా చేతికి ఇచ్చాడు. అది నా డ్రాయర్‌లోనే ఉంది.

జులైలో మళ్ళీ ట్రయల్‌లు, ఈసారి నాలుగు, ఒక్కోటి అన్ని కంప్యూటర్లలో కాకుండా మూడింట్లో: కాటా, గేటు, టాలీ. ఈసారి పరీక్ష కూడా పద్ధతిగా చేశాను. ఐకార్ ఫైలు అని ఒకటి ఉంది, 68 అక్షరాల వరస, ఏ హానీ చేయదు, కానీ అన్ని కంపెనీలూ దాన్ని వైరస్‌లా పట్టుకోవాలని ఒప్పుకున్నాయి, ఇలా పరీక్షించుకోవడానికే. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసి గేటు కంప్యూటర్‌కి పెట్టాను. నాలుగూ పట్టుకున్నాయి, అందులో తేడా లేదు. తేడా తర్వాత తెలిసింది. ఒకదాంట్లో నిమిషంలోపే నా ఫోన్‌కి మెయిల్ వచ్చింది, గేటు కంప్యూటర్, ఫలానా డ్రైవ్, ఫలానా సమయం అని. ఒకదాంట్లో కన్సోల్‌లో కనిపించడానికి 40 నిమిషాలు పట్టింది. ఇంకోదాంట్లో కనిపించింది కానీ ఎక్కడుందో వెతకడానికి ఐదు పేజీలు నొక్కాలి. నెట్ వైరు పీకేసి అదే పరీక్ష చేసి, తర్వాత వైరు పెట్టి, అప్పుడైనా కబురు వస్తుందా అని కూడా చూశాను.

శనివారం రాత్రి ఎనిమిదింటికి నాలుగు కంపెనీల సపోర్ట్‌కీ ఫోన్ చేశాను. కావాలనే. మాకు సమస్య వచ్చేది అప్పుడే కాబట్టి. రెండింట్లో మనిషి ఎత్తాడు, ఒకదాంట్లో తెలుగులో మాట్లాడే అమ్మాయి దొరికింది, నా ప్రశ్న పూర్తిగా విని జవాబు చెప్పింది. ఇది ఏ ల్యాబ్ పట్టికలోనూ ఉండదు.

ఇంకో రెండు విషయాలు తప్పకుండా చూడండి. యాంటీవైరస్‌ని తీసేయడానికి, ఆపడానికి వేరే పాస్‌వర్డ్ పెట్టే వీలుందా? అన్నయ్య దగ్గర అది లేకే వచ్చినవాడు ఒక్క నొక్కుతో ఆపేశాడు. అలాగే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ముందు ఒకటి రెండు కంప్యూటర్లకే పంపి, బాగుందని చూశాక మిగతావాటికి పంపే వీలుందా? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి, మన విమానాశ్రయాల్లో చేత్తో బోర్డింగ్ పాస్‌లు రాసిచ్చారు. అంత పెద్దవాళ్ళకే అలా జరిగింది. మా దగ్గర ప్రోగ్రాం వెర్షన్ ఏదైనా ముందు నా కంప్యూటర్‌కి వస్తుంది, మూడు రోజుల తర్వాతే కాటాకి వెళ్తుంది.

ధర గురించి ఎక్కువ రాయను, బేరం మీద ఉంటుంది. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ఎంతో కొటేషన్‌లోనే రాయించండి, మూడేళ్ళకి కలిపి తీసుకుంటే బాగా తగ్గుతుంది. జీఎస్టీ 18 శాతం ఉంటుంది, మిల్లు పేరు మీద జీఎస్టీ నంబరుతో బిల్లు అడగండి. మాకు 12 కావాలి, 15కి తీసుకున్నాం, ఎందుకంటే సీజన్‌లో అద్దె ల్యాప్‌టాప్‌లు వస్తాయి, వాటికి యాంటీవైరస్ లేకపోతే గొడవ అక్కడి నుంచే మొదలవుతుంది. ఏ కంపెనీదో అడగకండి, మీ కాటా గది వేరు, మీ బాబాయ్ వేరు.

యాంటీవైరస్ వేయకముందే చేసిన పనులు కొన్ని ఉన్నాయి. రూటర్‌లో బయటికి తెరిచిన పోర్టులన్నీ మూయించాం. మా దగ్గరా ఒకటి తెరిచే ఉందండీ, పెద్దాయన వాళ్ళబ్బాయి హైదరాబాద్ నుంచి చూసుకోవడానికి. ఇప్పుడు ఆయన వీపీఎన్ మీద, అంటే బయటివాళ్ళు చూడలేని విడి దారిలో, వస్తున్నారు. అందరి లాగిన్లకీ అడ్మిన్ హక్కులు తీసేశాం, మొదట్లో కొంత గొణిగారు. టాలీ బ్యాకప్‌కి రెండు హార్డ్ డిస్క్‌లు, ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి పెద్దాయన ఇంట్లో, శనివారం శనివారం మారతాయి, బ్యాకప్ అయ్యాక ఏదీ గుచ్చి ఉండదు. నెలకోసారి అందులోంచి టాలీ డేటాని వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఏదో ఒక రైతు ఖాతా తీసి, చీటీతో సరిచూస్తాను.

సార్వా (ఖరీఫ్ వరి) కోతల్లో, నవంబర్‌లో, రాత్రి పదకొండింటికి ఇంట్లో ఉంటే ఫోన్‌కి మెయిల్ వచ్చింది. గేటు కంప్యూటర్, పెన్ డ్రైవ్, అడ్డుకుంది. వెంటనే ఫోన్ చేశాను. లారీ డ్రైవర్ ఒకతను ఈ-వే బిల్లు ప్రింట్ తీసిపెట్టమని తన పెన్ డ్రైవ్ ఇచ్చాడట, గేటు దగ్గర కుర్రాడు కాదనలేక పెట్టాడట. అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు చేసే పాత వైరస్. "ఏమీ కాలేదు కదండీ, నన్ను తిడతారా?" అని భయపడుతున్నాడు. తిట్టలేదు. ఆ బిల్లు ఫోన్ నుంచి మెయిల్‌కి పంపమని డ్రైవర్‌కి చెప్పి ప్రింట్ తీయించాను. మర్నాడు గేటు కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్‌లు పూర్తిగా ఆపేశాను, కన్సోల్‌లోంచే.

ఆ డ్రైవర్‌కి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ళ సైబర్ స్వచ్ఛతా కేంద్రం సంగతి చెప్పించాను, అక్కడ శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. పాపం, అతని పెన్ డ్రైవ్‌లో వాళ్ళ పాప ఫొటోలున్నాయట, పోయాయనుకుని బెంగపెట్టుకున్నాడు. ఆ వైరస్ ఫైళ్ళని దాచేస్తుందే తప్ప చెరపదు. తర్వాతిసారి లోడుకి వచ్చినప్పుడు ఆఫీసుకి రమ్మని, నెట్‌కి తగిలించని పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, దాగినవి బయటికి తీసి ఇచ్చాను.

మిగిలింది ఒక్కటే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కీ మద్దతు ఆగిపోయింది, మా ఆఫీసులో నాలుగు ఇంకా దాని మీదే ఉన్నాయి, వాటి ప్రాసెసర్లు విండోస్ 11కి పనికిరావు. ఈ దాళ్వా అయ్యాక రెండు మారుద్దాం, సార్వాకి ముందు రెండు అన్నారు పెద్దాయన. ఆ నాలుగింటి పేర్లూ నోటు పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసి ఆయన బల్ల మీద పెట్టాను.